మేం తాగని నీళ్ళు

2006 జూన్. బడులు తెరిచి వారం దాటింది, వాన మాత్రం ఇంకా అడ్మిషన్ తీసుకోలేదు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక కాలనీకి మా జీపు చేరింది. కాలనీ పేరు రాయను. వాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. ప్లాట్ల రేట్లు పడిపోతే నన్ను వెతుక్కుంటూ రావడం వాళ్ళకు పెద్ద కష్టం కాదు.

నేనప్పటికి సికింద్రాబాదులో ఒక పర్యావరణ కన్సల్టెన్సీలో చేరి ఏడాదయింది. హోదా ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్. మచ్చ బొల్లారంలో మా ఇంటికి ఎవరైనా వచ్చి నీ కొడుకు ఏం చేస్తాడని అడిగితే మా నాయిన మాత్రం, చెత్తకుప్పలు చూసొస్తడు, దానికి జీతమిస్తరు అని చెప్పేవాడు. నా బయోడేటాలో అంత స్పష్టత లేదు.

ఆ కాలనీ పక్కన ఒకప్పుడు రాళ్ళ క్వారీ ఉండేది. గ్రానైటు తవ్వుకుపోయాక పెద్ద గుంత మిగిలింది. తొంభైల్లో ఎవరెవరివో లారీలు ఎక్కడెక్కడి చెత్తో తెచ్చి అందులో పోశాయి. గుంత నిండాక పైన ఎర్ర మొరం పరిచి చదును చేశారు. హైదరాబాదు చుట్టుపక్కల చదునైన నేల ఎక్కువ కాలం నేలగా ఉండదు కదా, ఆ గుంతను ఆనుకుని ఇళ్ళు లేచాయి, ఇళ్ళ వెనక ఒక చిన్న ప్రైవేటు స్కూలు లేచింది. స్కూలు ఆటస్థలం అంచు సరిగ్గా పాత గుంత అంచు. తొలకరి పడ్డప్పుడల్లా కుళ్ళు వాసన వస్తోందని తల్లిదండ్రులు అర్జీల మీద అర్జీలు పెడితే, చివరికి ఒక సర్కారు ఆఫీసు కదిలి మా కంపెనీకి పని అప్పగించింది. ఆ చెత్త వల్ల ఇళ్ళకూ బడికీ ఆరోగ్యపరంగా ఎంత ప్రమాదమో తేల్చాలి.

ఈ పనిని మా భాషలో రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. అందులో మూడు ముక్కలుంటాయి. విషం ఉన్న చోటు సోర్స్. దాని బారిన పడగల మనిషి రిసెప్టర్. అక్కడి నుంచి ఇక్కడికి ఉన్న దారి పాత్‌వే, అంటే తాగే నీళ్ళు, పీల్చే గాలి, పిల్లల చేతులకు అంటుకునే దుమ్ము. మూడూ కలిస్తేనే రిస్క్. పులి ఉంది, మనిషి ఉన్నాడు, మధ్యలో బోను ఉంటే దాన్ని జూపార్కు అంటాం, అడివి అనం. ఈ పోలిక నాకు చెప్పింది మా సీనియర్ మూర్తిగారు. ఆయన భూగర్భ జలాల మనిషి. ముప్పై ఏళ్ళుగా బోర్లతోనే సహవాసం చేయడం వల్ల మాటలు కూడా బాగా లోతునుంచి, చాలా కొద్దిగా వచ్చేవి.

మా ముందున్న అసలు ప్రశ్న ఒక్కటే. ఆ బడి పిల్లలు తాగుతున్న నీళ్ళు మంచివేనా?

ఆ నీళ్ళు బాలమణమ్మ బోరువి. కాలనీ రాకముందు ఆ చుట్టూ పొలాలు వాళ్ళవే. భూమంతా ప్లాట్లయిపోగా ఒక ఇల్లు, నాలుగు మడుల కూరగాయల దొడ్డి, ఒక బోరు మిగిలాయి. సర్కారు మంచినీళ్ళ పైపు ఇంకా అక్కడిదాకా రాలేదు కాబట్టి ఆమె బోరు నుంచి ఒక పైపు బడికి పోయేది, ఒక నల్లా వీధిలోకి ఉండేది. బడి పెట్టిననాటి నుంచి ఊరికే ఇస్తోంది. పొద్దున లేచి మోటరు వేయడం ఆమెకు మొదటి పని, ముఖం కడుక్కోవడం రెండోది.

మేం వాకిట్లో అడుగు పెట్టగానే ఆమె మంచం వాల్చింది. ఎందుకొచ్చారని అడగకముందే చెంబు నిండా నీళ్ళు, రెండు గ్లాసులు తెచ్చింది.

మా కంపెనీలో ఒక నిబంధన ఉంది. సైటులో ఏమీ తినకూడదు, తాగకూడదు. నిబంధన మంచిదే. చెత్తనీళ్ళు ముట్టుకున్న చేతులతోనే గ్లాసు పట్టుకుంటే జబ్బు మనకే వస్తుంది. కాకపోతే అది చేతుల గురించిన నిబంధన, నీళ్ళ గురించినది కాదు. ఈ తేడా మాకు తెలుసు. మూర్తిగారు మామూలుగా చేసినట్టే అరచెయ్యి అడ్డం పెట్టి, వద్దమ్మా అని, బోరు వైపు తిరిగారు. ఆమె చెంబు పట్టుకుని నా వైపు చూసింది.

"ఏంది బిడ్డా, మా నీళ్ళు తాగుతలేరు? గీ ఎండల వచ్చిండ్రు, గొంతు తడుపుకోరా?"

"డ్యూటీల తాగొద్దవ్వా," అన్నాను. "పోలీసులు వట్టుకుంటరు."

వీధి నల్లా దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను చాలా సంతోషించాను. ఆ రోజుల్లో నేను ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు నవ్వితేనే పని జరిగినట్టు లెక్క వేసుకునేవాణ్ణి. బాలమణమ్మ నవ్వలేదు. చెంబు లోపల పెట్టేసి వచ్చి, బోరు చూపించి, మేం సీసాల్లో నీళ్ళు పట్టుకుంటున్నంతసేపూ గడపలో కూర్చుంది. ఆ తర్వాత మేం తెచ్చుకున్న నీళ్ళ సీసాలు జీపు తలుపు చాటున తాగాం. కాలనీ మొత్తానికి కనిపించే చాటు అది.

అక్కణ్ణుంచి బడికి వెళ్ళాం. చెత్త కుళ్ళితే మీథేన్ అనే గ్యాస్ పుడుతుంది. అది నేలలో పగుళ్ళ వెంట పాకి మూసి ఉన్న గదుల్లో చేరితే ప్రమాదం. గ్యాస్ మీటరు పట్టుకుని గది గదికీ తిరిగాను. రెండో తరగతి చెప్పే సుజాత టీచర్ నాతో వచ్చారు. వాళ్ళది భీమవరం దగ్గర. భర్తకు కొంపల్లిలో ఉద్యోగం, కొడుకు కార్తీక్ ఆవిడ క్లాసులోనే చదువుతున్నాడు. నా చేతిలోది పేలుతుందని పిల్లలంతా గొప్ప ఆశతో చూస్తున్నారు. మీటరు ప్రతి మూలలోనూ సున్నా చూపించి వాళ్ళ ఉసురు పోసుకుంది. ఆటస్థలం చివర మాత్రం కొంచెం కదిలింది. అక్కడ కంచె వేసి పిల్లల్ని రానివ్వకండని చెప్పాం. గాలి సంగతి అంతటితో తేలింది.

గేటు దగ్గర సుజాతగారు అడిగారు, మరి నీళ్ళ సంగతేంటండీ, తాగొచ్చా అని. రిపోర్టు వచ్చాక చెబుతామండీ అన్నాను. అది నా మాట కాదు, మూర్తిగారి ఆజ్ఞ. ఫలితం రాకముందు నోరు జారితే తర్వాత కోర్టులో ఆ నోరే సాక్ష్యమవుతుందని ఆయన భయం. పైగా మన దగ్గర నేల రాతినేల. నీళ్ళు రాతి పగుళ్ళలో పోతాయి. బోరు గుంతకు ఎగువన ఉంది కదా, లోతుగా ఉంది కదా అని హామీ ఇవ్వలేం. ఆయన జాగ్రత్తలో తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకేమీ దొరకదు. అదే బాధ.

చివరగా కాలనీ దిగువన ఉన్న పాత చేతిపంపు. అక్కడివాళ్ళు బోరింగు అంటారు. బాలమణమ్మ నల్లా వచ్చాక దాని నీళ్ళు తాగడం మానేశారు. బట్టలు ఉతకడానికీ, బర్రెల్నీ బండ్లనూ కడగడానికీ పనికొచ్చేది. అక్కడ నేను చేసిన పనిని పర్జింగ్ అంటారు. పైపులో నిలవ ఉన్న నీళ్ళు పట్టుకుంటే పరీక్ష తప్పుగా వస్తుంది. అందుకని ముందు ఆ పాత నీళ్ళన్నీ పోయేదాకా కొట్టి పారబోసి, భూమిలోంచి కొత్తగా వచ్చిన నీళ్ళు పట్టాలి. కొట్టాను. మొదట తుప్పు రంగులో వచ్చాయి. చాలాసేపటికి తేటబడ్డాయి. జనం గుమిగూడి చూశారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. చెమటలు కారిపోతుంటే ఆ నీళ్ళతోనే ముఖం కడుక్కున్నాను. తాగకూడదని నిబంధనలో ఉంది గానీ ముఖం సంగతి రాయలేదు.

తర్వాత కండక్టివిటీ మీటరు ముంచాను. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో అది అక్కడికక్కడే చెబుతుంది. ఏ లవణాలో చెప్పదు. బాలమణమ్మ బోరు దగ్గర బుద్ధిగా ఉన్న అంకె ఇక్కడ ఎగిరి కూర్చుంది. మూర్తిగారు కనుబొమ్మ ఎత్తారు. ఆయన విషయంలో అది ఉపన్యాసం కింద లెక్క. ఈ నీళ్ళు ఎవరైనా తాగుతారా అని అడిగారు. బట్టలు పిండుతున్న ఒకామె, ఛీ, గివి ఎవలు తాగుతరు సారూ అంది. అంచేత నా కాగితంలో చేతిపంపు ఎదురుగా, తాగునీటి పాత్‌వే లేదు అని రాశాను. పులి ఉందేమో గానీ బోను గట్టిగా ఉంది. చీకటి పడకముందే ఇంటికి చేరాను.

ల్యాబు ఫలితాలకు మూడు వారాలు పట్టింది. బాలమణమ్మ నీళ్ళు ఏ లెక్కన చూసినా తాగడానికి పనికొస్తాయి. చేతిపంపు నీళ్ళలో మాత్రం అమ్మోనియా, నైట్రేటు, రోగాలు తెచ్చే క్రిములు. లీచేట్ చేరింది. చెత్తలోంచి వాననీళ్ళు కిందికి దిగుతూ తమతో తీసుకుపోయే మురుగు రసాన్ని లీచేట్ అంటారు. మూర్తిగారు సర్కారు ఆఫీసుకు ఫోనులో చెప్పి, నన్ను బడిలో చెప్పి రమ్మన్నారు. బండి మీద హాయిగా బయల్దేరాను. పిల్లల నీళ్ళు మంచివి. చెడ్డ నీళ్ళు ఎవరూ తాగడం లేదు. ఇంత శుభవార్త చెప్పే అవకాశం మా వృత్తిలో అరుదు. దారి పొడుగునా ఒక జోకు తయారుచేసుకుంటూ వెళ్ళాను.

బోరింగు దగ్గర బిందెల వరస ఉంది. వరస ముందు బడి ఆయమ్మ. ఆమె పక్కన బడి వాళ్ళ స్టీలు డ్రమ్ము. బాలమణమ్మ వీధి నల్లా దగ్గర ఒక్క మనిషీ లేడు.

బడికి పోయి, ఆ నీళ్ళెందుకు పడుతున్నారని అడిగాను. నా ముఖం చూసి సుజాతగారు బయటికి వచ్చారు.

"మీరు బాగుచేసి వెళ్ళారు కదండీ," అన్నారు.

"బాగుచెయ్యడమేంటండీ?"

"అంతసేపు కొట్టి మురికంతా తీసేశారు కదా. నీళ్ళు తేటగా వచ్చాయి. మీరే ముఖం కడుక్కున్నారు. బాలమణమ్మగారింట్లో మాత్రం చెంబు ముట్టుకోలేదు, సీసాలు తెచ్చుకుని తాగారు. తెలిసినవాళ్ళు తాగని నీళ్ళు పిల్లలకెలా పోస్తామండీ? రిపోర్టు వచ్చేదాకా ఆ పైపు ఆపేద్దామని స్టాఫ్ మీటింగులో నేనే అన్నాను."

ఆవిడ తర్కంలో ఎక్కడైనా కన్నం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. చూశారు, పోల్చారు, అనుమానం ఉన్నచోట పిల్లల్ని దూరం పెట్టారు. మాకు ఆఫీసులో నేర్పించేది ఇదే. ఒక్కటే తేడా, ఆవిడకు మేం అంకెలు ఇవ్వలేదు కాబట్టి మా ఒంటినే చదువుకున్నారు.

విషయం చెప్పాను. అప్పుడే క్లాసు కిటికీలోంచి చూస్తే పిల్లలు పల్చగా ఉన్నారు. అడిగితే, వారం పది రోజులుగా వాంతులు, విరేచనాలు, వానలకు నీళ్ళు మారాయి కదా అనుకున్నామన్నారు. కార్తీక్‌ను కొంపల్లిలో నర్సింగ్‌హోములో చేర్పించి సెలైన్ ఎక్కించారట. ముందురోజే ఇంటికి తెచ్చారు. ఆ మాట సగంలో ఉండగానే ఆవిడకు మిగతా సగం అర్థమైంది. లోపలికి వెళ్ళి, అప్పటికే నింపి ఉన్న ఇంకో డ్రమ్ము నల్లా తిప్పి వదిలేశారు. నీళ్ళు వరండా మెట్ల మీదుగా పారుతుంటే వచ్చి నా ముందు నిలబడ్డారు.

"మీకు ఆ రోజే తెలుసా అండీ?"

"అనుమానం ఉండింది."

"మరి చెప్పలేదేం?"

ఎవరూ తాగట్లేదన్నారు కదా అని, అన్నాను. తయారుచేసుకొచ్చిన జోకు ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. గుర్తు చేసుకోవాలని కూడా లేదు.

సాయంత్రంలోపు మూర్తిగారు మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. బోరింగు పిడి ఊడదీయించి, పంపుకు ఎర్ర రంగు పూయించారు. రంగు ఆరుతుంటే నా పక్కన నిలబడి, "పాత్‌వే లేదని రాసింది నిజమేనోయ్," అన్నారు. "ఆ దారి మనమే వేసి జీపెక్కాం." అంత పొడుగు మాట ఆయన నాతో అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

తర్వాత నేనొక్కణ్ణే బాలమణమ్మ ఇంటికి వెళ్ళాను. దొడ్లో బెండకాయలు తెంపుతోంది. ఈసారి మంచం వాల్చలేదు. అట్లాగని పొమ్మనలేదు.

"అవ్వా, మీ నీళ్ళు మంచియని తేలింది. మస్తు మంచియి."

"నాకెర్కే," అంది. ఇంకో రెండు బెండకాయలు తెంపి కొంగులో వేసుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది. "మా అత్త ఉన్నన్నొద్దులు, కొందర్ని గడప అవుతల నిలవెట్టి దోసిట్లె పోసెటోళ్ళం నీళ్ళు. చెంబు ముట్టనియ్యకపోతుంటిమి. తప్పని నాకు తెల్వకుండె. మొన్న మీ సారు అట్ల చెయ్యి అడ్డం వెట్టంగ తెలిసింది, వాళ్ళకెట్ల కొట్టుకుంటుండెనో పానం."

"అది గట్లాంటిది కాదవ్వా. అది రూలు," అన్నాను.

"మేము గూడ రూలనే అంటుంటిమి బిడ్డా."

నేను ప్రతి నాటకానికీ గాలి తీసే మనిషినని స్నేహితుల్లో పేరు. ఆమె గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు, నాటకమే లేదు. గాలి తీయడానికి అక్కడ నేను తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మూర్తిగారు నల్లబల్ల మీద బొమ్మ గీసి గుంత ఎక్కడ, వాలు ఎటు, బోరు ఎంత లోతు, అన్నీ ఓపిగ్గా చెప్పారు. బాలమణమ్మ నీళ్ళు నిశ్చింతగా తాగమన్నారు. వెనక నుంచి ఒక తండ్రి లేచి, అంత మంచియైతే గా దినం ఎందుకు తాగలే సారూ అని అడిగాడు. మూర్తిగారు చేతుల సంగతి, నిబంధన సంగతి చెప్పారు. ప్రతి అక్షరం నిజం. వింటుంటే నాకే అబద్ధంలా ఉంది. అయితే ఇప్పుడు తాగుండ్రి అన్నారెవరో. గ్లాసు వచ్చింది. ఆయన నిలబడి మొత్తం తాగారు, నేనూ తాగాను. ఎన్నికలప్పుడు పెద్ద నాయకుడు బస్తీలో కింద కూర్చుని అన్నం తింటుంటే చూసే చూపులుంటాయి చూడండి, సరిగ్గా అవే చూపులు. బాలమణమ్మ చివరి బెంచీలో కూర్చుని ఉంది, మమ్మల్ని చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. సోమవారం నుంచి బడివాళ్ళు ట్యాంకరు తెప్పించుకున్నారు. మా శాస్త్రానికి వాళ్ళు వేసిన మార్కులవి.

పిల్లలంతా కోలుకున్నారు. వాళ్ళ జబ్బు ఆ నీళ్ళ వల్లే వచ్చిందని రుజువు చేయలేం. జూలైలో పిల్లలకు వాంతులు రావడానికి నూటొక్క కారణాలుంటాయి. ఇది శాస్త్రీయంగా సరైన మాట. చలికాలంలో కంబళిలా ఎంత వెచ్చగా ఉంటుందో ఆ మాట. చాలాసార్లు కప్పుకుని చూశాను, కాళ్ళు బయటే ఉండిపోతున్నాయి.

రిపోర్టులో ఈ సంగతి రాయాల్సిందే అన్నాను. రాయి, ఏ శీర్షిక కింద రాస్తావో చూసుకో అన్నారు మూర్తిగారు. వెటకారంగా కాదు, నిజంగానే. సోర్సుకు శీర్షిక ఉంది, పాత్‌వేకు ఉంది, రిసెప్టర్‌కు ఉంది. పరీక్ష చేయడానికి వచ్చినవాళ్ళకు లేదు. ఎన్నో విధాల రాసి, కొట్టేసి, చివరికి 'ఇతర పరిశీలనలు' కింద ఒక్క వాక్యం మిగిలింది. అధ్యయన కాలంలో స్థానికుల నీటి వాడుకలో మార్పు గమనించబడింది. ఎవరు మార్చారో లేదు, ఎవరు గమనించారో లేదు. అంత శుభ్రమైన వాక్యం నేను మళ్ళీ రాయలేదు. ఆఫీసువాళ్ళు రిపోర్టు బాగుందని మెచ్చుకున్నారు.

మరుసటి ఏప్రిల్‌లో సుజాతగారు ఫోను చేశారు. ఎండలకు ట్యాంకరు సరిగ్గా రావడం లేదట, రెండు రోజులు పిల్లల్ని మధ్యాహ్నమే ఇంటికి పంపేశారట, ఇక వేరే దారి లేక మళ్ళీ బాలమణమ్మగారి పైపు పెట్టించుకున్నామని చెప్పారు. మా రిపోర్టు చేయలేని పని ట్యాంకరు డ్రైవరు చేశాడన్నమాట, రాకుండా ఉండి. మీరు అడగడానికి వెళ్తే ఆమె ఏమన్నారండీ అని అడిగాను.

"ఏమీ అన్లేదండీ. పైపు కడిగించుకోండమ్మా అని మోటరు వేశారు."

నాలుగు తిడితే బాగుండేది.

ఆ తర్వాత ఇలాంటి పాత చెత్తగుంతలు ఇంకొన్ని చూశాను. బౌరంపేట వైపు ఒకటి, ఊరికి ఇంకా దూరంగా కొన్ని. ఇప్పుడు నేను సామాను దించకముందే మొదటి ఇంటి అరుగు మీద కూర్చుంటాను. మేం ఏమేం చేస్తామో, ఎందుకు చేస్తామో, ఏవి చూసి ఏమీ అనుకోవద్దో ముందే చెబుతాను. పంపు చాలాసేపు కొడతాం, అది బాగుచేయడం కాదని చెబుతాను. ఇక్కడ గ్లాసు ముట్టుకోం, అది మీ నీళ్ళ మీద తీర్పు కాదని చెబుతాను. మీటరు అంకె ఎగిరితే ఆ రోజే, ఆ పంపు దగ్గరే నిలబడి, రిపోర్టు వచ్చేదాకా ఇవి తాగొద్దు, ఇప్పుడు తాగుతున్నవే తాగండి అని అందరికీ వినబడేలా చెబుతాను. ఒక్కోసారి నా అనుమానం తప్పవుతుంది, అప్పుడు మళ్ళీ వెళ్ళి తప్పయిందని చెప్పి తిట్లు తిని వస్తాను.

రిపోర్టుకు ముందు మాట్లాడటం ప్రమాదమని మూర్తిగారు ఇప్పటికీ అంటారు. నిజమే. నేను రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. ఒకదాంట్లో నా ఉద్యోగం పోవచ్చు. రెండోదాంట్లో ఏడేళ్ళ పిల్లాడి చేతికి సెలైన్ సూది గుచ్చారు.